ముప్పావు అంగుళం

నాచారం,
6 మార్చి 2005.

బిక్షపతి మేస్త్రికి శ్యామలాదేవి టీచర్ రాస్తున్న ఉత్తరం.

కాలు ఎలా ఉందని ముందుగా అడగాలి కనుక అడుగుతున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఇప్పుడు నువ్వు నా ఎదురుగా ఉంటే విరిగిన కాలని కూడా చూడకుండా బెంచీ ఎక్కించేదాన్ని. ముప్పై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నా సొంత ఇంట్లోనే లెక్క తప్పితే ఎవరికి చెప్పుకోను?

నిన్న ఉప్పల్ నుంచి వంటగట్టు మీదికి బండ వచ్చింది. నల్ల గ్రానైటు, అతుకు లేని ఒకటే పలక, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత నిగనిగ. నలుగురు మోసుకొచ్చి వంటింట్లో మూడు గోడల మధ్య పెట్టబోతే లోపలికి పోదే! నువ్వు ఊరికి వెళ్లేముందు రాసిచ్చిన చీటీలో ఏడడుగుల తొమ్మిదంగుళాలని ఉంది. బండ సరిగ్గా అంతే ఉంది. గోడల మధ్యనే అంత చోటు లేదు. వెనక గోడ వెంబడి కొలిస్తే ఏడడుగుల తొమ్మిదంగుళాలూ వస్తోంది. ముందు, నేను నిలబడి వంట చేసే వైపు కొలిస్తే ముప్పావు అంగుళం తక్కువ వస్తోంది. మధ్యలో గోడ ఎక్కడికి నడిచి వెళ్లింది బిక్షపతీ?

మోసుకొచ్చిన నలుగురూ తలలు గోక్కుంటుంటే, మీ ఆవిడ దుర్గమ్మ ఇసుక తట్ట కింద పెట్టి ఒక్కసారి లోపలికి తొంగి చూసింది. "బండది తప్పు లేదు టీచరమ్మా, ఉత్తరం గోడ ఎనక్కి పోంగ పోంగ అటు జరిగింది" అని, మళ్లీ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. నిన్ను దవాఖానాలో చూసుకుని తన అత్తగారికి, అంటే మీ అమ్మకు, అప్పజెప్పి వచ్చినప్పటి నుంచి ఆమె ఇక్కడే రేకుల గదిలో ఉండి సామాను కాపలా కాస్తోంది. బాగానే ఉంది, నీ గురించే బెంగ.

వైశాఖంలో గృహప్రవేశం. ఆ గట్టు మీదే పాలు పొంగించాలి. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

శ్యామలాదేవి


రఘునాథపల్లి, జనగామ దగ్గర,
14 మార్చి 2005.

టీచరమ్మ గారికి బిక్షపతి నమస్కారాలు.

నేను ఏడో తరగతి వరకే చదివాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దకుండా చదవగలరు. మోటారు సైకిల్ మీద నుంచి పడినప్పుడు విరిగిన ఎముకకు రాడ్ వేశారు. బాగానే ఉంది. నెల రోజుల్లో వస్తాను.

గోడ సంగతి. ముగ్గు పోసిన రోజు మీ బంధువు పరంధామయ్య గారు వచ్చి వాస్తు చెప్పారు. ఈశాన్యం మూల పెరగాలన్నారు. ఇంటికే కాదు, ప్రతి గదికీ పెరగాలన్నారు. వంటింటికి మూడు అంగుళాలు పెంచమన్నారు. అలా పెంచితే గది మూలలు మూలమట్టానికి రావని నేను మీకు చెప్పాను. మీరు "ఈశ్వరుడి మూల, పెరిగితే మంచిదేలే బిక్షపతీ" అన్నారు. ఆ ఉత్తరం గోడ వంకర పోలేదు టీచరమ్మా. మీరు చెప్పినట్టే కట్టాను.

కానీ ముందువైపు కూడా కొలవకపోవడం నా తప్పే. మా ఊళ్లో పెళ్లికి బస్సు అందుకోవాలని తొందరపడ్డాను. క్షమించగలరు.

బండను పడుకోబెట్టవద్దు, గోడకు నిలబెట్టి ఉంచండి. పడుకోబెట్టి ఎవరైనా కాలు వేస్తే విరుగుతుంది. నేను వచ్చేవరకు దానిని ఎవరినీ ముట్టనివ్వవద్దు.

ఇట్లు
బిక్షపతి


నాచారం,
22 మార్చి 2005.

బిక్షపతికి,

ఓడిపోయాను నాయనా. నీ ఉత్తరం చదివి కాగితం మీద లెక్క వేశాను. ఎనిమిది అడుగుల గదికి మూడు అంగుళాలు పెంచితే, రెండడుగుల వెడల్పున్న గట్టుకు ఎంత పెరుగుతుంది? ముప్పావు అంగుళం. ఆరో తరగతి లెక్క. గోడ నువ్వు అనుకున్న చోటే, నేను కోరుకున్న చోటే నిక్షేపంగా ఉంది. నిన్ను బెంచీ ఎక్కిస్తానన్నాను, నేనే ఎక్కాలి. మొన్న పరంధామయ్య వచ్చి ఆ మూల చూసి "గదికి లక్షణం వచ్చింది శ్యామలా" అన్నాడు. కాఫీ ఇవ్వకుండా పంపించాను.

నువ్వు ఎవరినీ ముట్టనివ్వద్దన్నావు గానీ, నీ ఉత్తరం అందేలోపే తొందరపడి మల్లాపూర్ నుంచి ఒక మేస్త్రిని పిలిపించాను. ఆయన బండను మధ్యకు రెండు ముక్కలు చేసి అతుకు పెడదామన్నాడు. పక్కన ఇటుకలు తడుపుతున్న దుర్గమ్మ వినలేక అడ్డం వచ్చింది.

"అతుకు కాడ నీళ్లు దిగుతయన్నా. రెండేండ్లకు కింద చెక్క అల్మారలన్ని ఉబ్బుతయి."

"నువ్వు తట్ట మొయ్యమ్మా. అతుకు సంగతి నాకెరుకే."

ఆమె తట్ట ఎత్తుకుంది. ఆయన రేపొస్తానని వెళ్లిన తరువాత మాత్రం నా దగ్గరకొచ్చి పాత కాగితాలు అడిగింది. నా దగ్గర కాగితాలకేం కొదవ? బడిలో గోడకు తగిలించిన లెక్కల చార్టులన్నీ ఇచ్చాను. మైదా ఉడికించి వాటిని ఒకదానికొకటి అతికించి, గట్టు కోసం నువ్వు అమర్చి వెళ్లిన కడప బండల మీద పరిచింది. మూడు గోడలకూ కాగితం అంచు అద్ది, బొటనవేలి గోటితో మూల నుంచి మూలకు గీసుకుంటూ పోయింది. గోడ మీద సిమెంటు గిలాబు కొంచెం ఉబ్బిన చోట గోరు కూడా ఉబ్బింది, లోపలికి పోయిన చోట లోపలికి పోయింది. ఆ గీత వెంబడి కత్తిరించి, తీసి, మళ్లీ పెట్టి చూసింది. నేను కళ్లజోడు పెట్టుకుని వంగి వెతికాను. వెంట్రుక పట్టే సందు లేదు.

ఆ కాగితాన్ని తీసుకెళ్లి బండకు ఆనించింది. బండ ఒక పక్కన సన్నటి త్రిభుజం మిగిలింది. ముందువైపు ముప్పావు అంగుళం, వెనక్కి పోయేసరికి ఏమీ లేదు. "గింతనే టీచరమ్మా. ఈ సన్న ముక్క తీస్తే సరి. దీనికి బండను నడుమకు నరుకుతరా ఎవరన్న?" అంది. లంబకోణ త్రిభుజం గురించి ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. అది దేనికి పనికొస్తుందని ఏ పిల్లవాడైనా అడిగితే కసురుకున్నాను. జవాబు నాకూ తెలియదు కనుక.

సరే, కోశాక లోపలికి ఎలా పోతుంది, ముందు ఇరుకు, వెనక వెడల్పు కదా అన్నాను. రెండు చేతులూ చాచి చూపించింది. "సీదా తోస్తే పోదు. ఒక కొన పైకి లేపాలె. లేపితే బండ పొట్టిదైతది. గట్లనే లోపలికి తీస్కపోయి, ఇంకో కొన మూలకు ఆనిచ్చి, మెల్లగ దించాలె." ఇది కూడా లెక్కే. నేను కాగితం మీద వేసి చూశాను, ఆమె చెప్పింది నిజం.

ఎక్కడ నేర్చుకున్నావే ఇదంతా అని అడిగితే నవ్వింది. "నేర్సుకునుడేంది టీచరమ్మా? ఇర్వై ఏండ్లసంది ఆయన దారం కడుతుంటే రెండో కొన పట్టుకున్నదెవరు?"

బిక్షపతీ, అబ్బురపడ్డాను. ఈ మాట ఉత్తరంలో రాయకుండా ఉండలేను. మల్లాపూర్ మేస్త్రిని రావద్దని చెప్పి పంపాను. దుర్గమ్మ ఈ బండ తానే పెడతానంటోంది. పెట్టగలదు. కానీ "ఆయన సరే అంటెనే" అంటోంది. ఆమె తరఫున నేను అడుగుతున్నాను. సరేనని ఒక్క ముక్క రాయి.

శ్యామలాదేవి


రఘునాథపల్లి,
30 మార్చి 2005.

టీచరమ్మ గారికి,

ఇది జరిగే పని కాదు. ఆడమనిషి తాపీ పట్టడం మా పనిలో లేదు. తట్ట ఎత్తుతారు, ఇటుకలు తడుపుతారు, ఇసుక జల్లిస్తారు. మా నాయన కాలం నుంచి అంతే. బిక్షపతి పెండ్లాం బండ పెట్టిందని తెలిస్తే ఉప్పల్ కూలీల అడ్డా మీద నలుగురు మేస్త్రీలు నవ్వుతారు. రేపు నేను ఆ అడ్డా మీద ఎలా నిలబడాలి?

నా తాపీ సంచి ఆమెను ముట్టవద్దని చెప్పండి. అది దసరాకు బొట్టు పెట్టుకునే సామాను. బండ పగిలితే మళ్లీ అంత పొడుగు పలక దొరకదు. నేను వస్తున్నాను, ఆగండి. ఈ ఉత్తరం దుర్గమ్మకు చదివి వినిపించండి.

ఆమెకు మోకాలు నొప్పి ఉంది. పైకి ఇటుకలు మోయనివ్వవద్దు.

బిక్షపతి


నాచారం,
17 ఏప్రిల్ 2005.

బిక్షపతికి,

ఒక తప్పు ఒప్పుకోవాలి, ఆ తరువాత ఒక గొప్ప సంగతి చెప్పాలి. ముందు తప్పు.

నీ ఉత్తరం దుర్గమ్మకు చదివి వినిపించాను. అంతా వినిపించలేదు. కాలు బాగుంది, వస్తున్నాడు, నీ మోకాలు జాగ్రత్త అన్నాడు అని చదివి మడతపెట్టేశాను. తాపీ ముట్టవద్దన్న మాట నా నోట రాలేదు. పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, చదువు రాని మనిషి ఉత్తరంలో సగం మింగేశాను. 

 మర్నాడు పొద్దున్నే దుర్గమ్మ కనిపించలేదు. తొమ్మిదింటికి ఉప్పల్ వైపు నుంచి ఆటో దిగింది. చేతిలో కాగితం పొట్లం. విప్పితే కొత్త తాపీ. చెక్క పిడి మీద దుకాణం చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"ఆయన వద్దన్నడు గదా టీచరమ్మా? మీరు సదివేటప్పుడు ఒక్కకాడ ఆగిన్రు. కండ్లు కిందికి పోయినయి గని నోరు లేవలె. నాకు అచ్చరాలు రావు గని మనిషి మొఖం సదువొస్తది."

సిగ్గుపడుతూ, నీ తాపీ సంచి ముట్టవద్దన్నావని చెప్పేశాను.

"ఆయన తాపీ నేను ముట్ట. ఆయన మాట ఆయనదే. ఇది నాది, నేను కొనుక్కున్న. ఇది ముట్టొద్దని ఆయన రాయలేదు గదా" అని, పసుపూ కుంకుమా అడిగి తానే దానికి బొట్టు పెట్టింది.  నీ మీద కోపంతో కొనలేదు బిక్షపతీ, నీ మాట దాటకుండా పని చెయ్యాలని కొన్నది. ఆ తేడా నువ్వు గ్రహించాలి.

ఇక గొప్ప సంగతి. ఆ శనివారం బండ అమ్మిన దుకాణం నుంచి దయాకర్ అనే అతను కోత మెషీను తీసుకుని వచ్చాడు. అప్పటికే దుర్గమ్మ కాగితాన్ని బండ మీద పరిచి సుద్దతో గీత గీసి పెట్టింది. "ఎవరు గీసిన్రు?" అన్నాడు. "మేస్త్రి" అన్నాను. అబద్ధం ఆడాననుకోలేదు. అతను కోస్తుంటే దుర్గమ్మ చెంబుతో బ్లేడు మీద నీళ్లు పోస్తూ, గీత మీంచి కన్ను తీయలేదు. ఒకచోట మెషీను గోరంత బయటికి పోబోతే "అన్నా, ఆగు" అంది. అతను ఆపి చూసుకుని, ఆమె వైపు చూసి, మళ్లీ ఆమె చూపించిన చోటి నుంచే మొదలుపెట్టాడు.

ముక్క ఊడి పడింది. ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది, నల్ల కత్తిలా.

తరువాత కడప బండల మీద సిమెంటు మాలు పరిచింది. కొత్త తాపీ చేతికి అలవాటు కావడానికి నాలుగు తట్టలు పట్టింది. ఆ తరువాత చూడాలి! మాలు పెరుగు గిన్నె మీద మీగడలా సమంగా పరుచుకుంది. బండ మోసే నలుగురినీ నాలుగు చోట్ల నిలబెట్టి, తాను ఉత్తరం గోడ పక్కన ఒదిగి నిలబడి చెప్పింది: "దక్షిణం కొన లేపుండ్రి. ఇంక లేపుండ్రి. ఉత్తరం కొన నా దిక్కు రానియ్యుండ్రి. ఆగు. ఇప్పుడు దించు. జర, జర, జర." దయాకర్ కూడా ఒక కొన పట్టాడు. బండ గోడలను రాసుకుంటూ, ఎక్కడా గీసుకోకుండా దిగి కూర్చుంది.  చుట్టూ వెంట్రుకంత సందు, మూడు వైపులా ఒకటే మందం. రసమట్టం పెడితే బుడగ నడిమధ్య నిలబడింది.

"ఈ గీత గీసిన మేస్త్రి ఎవలమ్మా, ఎక్కడుంటడు?" అన్నాడు దయాకర్ చెమట తుడుచుకుంటూ. నేను చూపించాను. అతను "మస్తు జేసినవ్ అక్కా" అని చెప్పి వెళ్లాడు.

నేను జీవితంలో చాలామంది తెలివైనవాళ్లను చూశాను. వాళ్లలో సగం మంది తమ తెలివి గురించి తామే చెప్పేవాళ్లు. ఇరవై ఏళ్లు తట్ట కింద దాచుకుని, అవసరమైన రోజు తీసి చూపించి, మళ్లీ బక్కెట్లు కడుక్కోవడానికి వెళ్లిన మనిషిని ఈమెనే చూశాను.

ఉత్తరం దాచినందుకు నన్ను తిట్టు. ఆమెను మాత్రం ఏమీ అనకు.

శ్యామలాదేవి


నాచారం,
15 మే 2005.

బిక్షపతికి,

నెల అయింది, నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. నెల రోజుల్లో వస్తానన్నవాడివి రానూ లేదు.

గృహప్రవేశం అయింది. పాలు పొంగి గిన్నె అంచు దాటి బండ మీద పారాయి. ఏ పక్కకూ పరుగెత్తలేదు, అన్ని వైపులా సమంగా పరుచుకుని గోడ దగ్గర ఆగాయి. వచ్చినవాళ్లంతా పాల గిన్నెకు దండం పెడుతుంటే దుర్గమ్మ గట్టు కిందికి చెయ్యి పెట్టి తడిమింది. పొడిగా ఉంది. ఆ మొహంలో వెలుగు నువ్వు చూసి ఉండాల్సింది.

భోజనానికి వచ్చినవాళ్లలో కావ్య అని బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకుంటున్న అమ్మాయి ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్లకూ ఈశాన్యం పెంచారట, వాళ్ల బండా గోడల మధ్య పట్టడం లేదట! మన ఊళ్లో పరంధామయ్యలకు కొరత లేదు కనుక దుర్గమ్మకు పనికీ కొరత ఉండదు. వంటగట్టు ఒక్కటే కాదు, కింద గచ్చు పని కూడా ఆమెకే ఇస్తానంది కావ్య.

దుర్గమ్మ ఇంకా అవుననలేదు. రోజూ పోస్ట్‌మాన్ వచ్చే వేళకు గేటు దగ్గర ఏదో పని కల్పించుకుంటుంది. "ఒక్క బండ అంటే టీచరమ్మ కోసం జేసిన. ఇగ ఇదే పని అంటే ఆయన మనసుల ఏమున్నదో తెల్వాలె. ఆయన కోపం మీదుంటే నా చెయ్యి నిలువది" అంది. బోడుప్పల్ వాళ్లు జూన్ మొదటి వారం వరకే ఆగుతారు.

ఈసారి నువ్వు ఏం రాసినా ఒక్క అక్షరం మింగకుండా చదువుతాను. తిట్లైనా సరే రాయి.

శ్యామలాదేవి


రఘునాథపల్లి,
24 మే 2005.

టీచరమ్మా,

బడి తెలుగు ఇంక నాతోని కాదు. నోట్ల మాట నోట్ల ఉన్నట్టే రాస్తున్న. ఇది దుర్గమ్మను ఎదురుంగ కూసోబెట్టుకోని సదువుండ్రి.

నెల రోజులల్ల వస్తనని రాసింది అబద్ధం. గోడలెక్కుడు బంద్, గొంతుకూసునుడు బంద్ అని డాక్టరు మొదటి వారమే చెప్పిండు. రాడ్ ఏసిన కాలు మడతవడది. మా అమ్మకు చెప్పలె, దుర్గమ్మకు చెప్పలె. తాపీ ముట్టొద్దని రాసింది అడ్డా మీద నవ్వుతరని కాదు. అది తాపీ పట్టిందంటే ఇగ నేను మేస్త్రిని కాదని నేనే ఒప్పుకున్నట్టు. గా భయానికి రాసిన. మీ పెద్ద ఉత్తరం వచ్చినంక నాలుగు సార్లు రాయవట్టి నాలుగు సార్లు చింపేసిన.

ఒక సంగతి ఇర్వై ఏండ్లల్ల ఎవ్వలకు చెప్పలె. గోడ కట్టుడు అయినంక తూకం గుండు ఏస్త, రసమట్టం పెడ్త. అన్నీ సక్కగనే సూపిస్తయి. అయినా గోడ దిగ. కింద దుర్గమ్మ తట్ట పట్టుకోని నిలవడి ఉంటది. దాని మొఖం సూస్త. దాని కండ్లు చిన్నగైనయంటే మల్ల పై రెండు వరసలు పీకి కడ్త. అది నోరిప్పి చెప్పది, నేను నోరిప్పి అడగ. బిక్షపతి గోడ అంటే సీదా అని నాచారంల, ఉప్పల్ల పేరొచ్చింది. ఆ పేరు నేను ఒక్కన్నే మోసుకోని తిరిగిన.

మీ వంటిల్లు కొలిసిన దినం అది లేదు. పెండ్లికి నాకంటె ఒకరోజు ముందుగాల పోయింది. టేపు రెండో కొన పట్టేటోళ్లు లేక ఎనక గోడకు ఆనిచ్చి ఒక్కన్నే కొలిసిన. ముందు దిక్కు గాలిల పట్టుకునెటానికి నాకు ఇంకో చెయ్యి లేదు. గంతే టీచరమ్మా, గా ముప్పావు అంగుళం సంగతి.

దుర్గమ్మా, నాకు కోపం లేదు. బోడుప్పల్ పని పట్టు. మొన్న మా తమ్మునితోని ఒక ఎత్తు స్టూలు చేపిచ్చుకున్న. కాలు చాపి దాని మీద కూసోని ఇసుక జల్లెడ పట్టొచ్చు, మాలు కలిపి తట్టకెత్తి అందియ్యొచ్చు. ఇక్కడ రెండు దినాలు చేసి సూసిన, వస్తుంది.

టీచరమ్మా, సోమవారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. బోడుప్పల్ల కూలి మనిషి కావాల్నేమో మేస్త్రిని ఒక్కసారి అడిగి ఉంచుండ్రి.

బిక్షపతి